మూడో ముగింపు

మే 8, గురువారం

ఈ డైరీ పోయినేడాదిది. స్టీలు కంపెనీవాళ్ళు దుకాణానికి ఇస్తే ఈయన నాలుగు పేజీలు రాసి వదిలేశాడు. బియ్యం డబ్బా వెనక పెడితే ఎవరూ చూడరు. ఈ ఇంట్లో బియ్యం డబ్బా వెనక ఏముంటుందో తెలిసింది నాకొక్కదానికే.

సోమవారం మార్కాపురం వెళ్ళొచ్చాను. రంగమ్మకు కళ్ళు తిరుగుతున్నాయి, రక్తపరీక్ష చేయించుకొస్తానని ఈయనతో చెప్పాను. అంట్లు తోమే మనిషిని నా వెంట రైలెక్కించి తీసుకుపోతున్నానని ఎంత మెచ్చుకున్నాడో. రంగమ్మకు కళ్ళు తిరిగేది నిజమే. నేను చెప్పనిది నా సంగతి.

ఫిబ్రవరిలో స్నానం చేస్తుంటే కుడి రొమ్ములో శనగ్గింజంత తగిలింది. ఇప్పుడు రేగుపండంత ఉంది. మా అమ్మ నలభై ఒకటో ఏట పోయింది, ఆ జబ్బుతోనే. నాకిప్పుడు ముప్పై తొమ్మిది.

గిద్దలూరులో చూపించుకుంటే సాయంత్రానికి బజారంతా తెలుస్తుందని మార్కాపురం పోతే, అక్కడ కౌంటర్లో కూర్చున్నది ఎవరు? మా కంభం పిన్నత్త కోడలు రజిని. మనవాళ్ళు లేని చోటు కావాలంటే చంద్రమండలం పోవాలి కాబోలు. "ఏం వదినా, ఎవరికి బాగలేదు?" అనింది. రంగమ్మ బయట వేపచెట్టు కింద కూర్చుని ఉంది. "మా రంగమ్మకు" అన్నాను. అంతే, నోట్లోంచి వచ్చేసింది. చీటీ రంగమ్మ పేరు మీద రాసింది, ఫోను నంబరు రంగమ్మదే ఇచ్చాను.

లోపల డాక్టరమ్మకు మమ్మల్నెవరూ తెలియదు. "రంగమ్మ" అని పిలిస్తే నేను లేచి వెళ్ళాను. సూది గుచ్చి ఏదో తీసి పరీక్షకు పంపింది. పక్క గదిలో అదే చీటీ మీద రంగమ్మకు రక్తం తీశారు. రెండూ కలిపి వారం తర్వాత ఇస్తామన్నారు.

నిన్న వాసవీ జయంతికి గుడిలో అందరూ పట్టుచీరల్లో ఉన్నారు. నేను కుడిచెయ్యి పైకెత్తి హారతి తీసుకోలేకపోయాను, నొప్పి. ఎడంచేత్తో తీసుకుంటే పెద్దామె ఒకావిడ గుర్రుగా చూసింది.

మే 9

మా అమ్మాయి రమ్య ఒంగోలు నుంచి సెలవులకు వచ్చినప్పటి నుంచి లాప్‌టాప్‌లో ఒకటే ఆట. దాని పేరు నాకు నోరు తిరగదు, లాంతరు ఆట అంటున్నాను. కొండ మీద పాత బంగళా, కిటికీల నిండా మంచు. ఒక ఆడమనిషి, ఆమె వెంట ఒక పిల్ల, ఇద్దరికీ కలిపి ఒకటే లాంతరు. ఆ బంగళాలో ఏదో తిరుగుతుంటుంది. కనపడదు, చప్పుడు మాత్రం వస్తుంది, బండల మీద ఖాళీ ఇత్తడి గుండిగ ఈడ్చినట్టు. ఇరవై ఏళ్ళుగా సామాన్ల దుకాణంలో సామాన్ల చప్పుడు మధ్యనే బతుకుతున్నదాన్ని, ఆ చప్పుడుకు నా ఒళ్ళు జలదరించింది.

"ఇది ఎట్ల అయిపోతుందే?" అన్నాను.

"మూడు ఎండింగులు ఉన్నాయమ్మా. ఒకదాంట్లో ఇద్దరూ మంచులో తప్పిపోతారు. ఒకదాంట్లో ఇద్దరూ బంగళాలోనే ఉండిపోతారు. మూడోది దాచిపెట్టినారు. దాంట్లో ఆమె బయటపడుతుంది."

"మంచి ముగింపు దాచిపెట్టడం ఏంది, పిచ్చా వాళ్ళకు?"

"దాచిపెట్టింది మంచిదే అని నీకెవరు చెప్పినారు?"

"నువ్వు చూసినావా?"

"ఎట్ల చేయాల్నో తెలుసు. చేయలా." ఎందుకే అని అడిగితే భుజాలెగరేసింది.

ఈ ఆట ఆడేవాళ్ళంతా నెట్‌లో చేరి అర్థాలు చెప్పుకుంటారట. బంగళా అంటే ఆమె మనసని ఒకడు, ఆ పిల్ల ఎప్పుడో చచ్చిపోయిన చెల్లెలని ఇంకొకడు. పురాణం చెప్పే అయ్యవార్లు వీళ్ళ ముందు బలాదూర్.

మే 11

మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు రమ్య టైలరింగ్‌కు పోతుంది. ఈయన దుకాణంలోనే తిని అక్కడే కునుకు తీస్తాడు. నేను ఆ ఆట తెరిచాను. బాణం గుర్తులు నొక్కితే నడుస్తుంది, అంతే. మంచులో తప్పిపోయాను.

మే 12, సోమవారం

వారం అయింది. ఫోను రాలేదు. రాకపోతే మంచిదే అన్నమాట. ఏమన్నా ఉంటే ఈపాటికి చేసేవాళ్ళు కదా.

మా పుట్టింట్లో ఏది అడగాలన్నా దేవుడి ముందు పూలు పెట్టి అడుగుతారు. ఒక తమలపాకులో తెల్ల పువ్వు, ఇంకోదాంట్లో ఎర్ర పువ్వు మడిచి పెట్టి, కళ్ళు మూసుకుని ఒకటి తీయాలి. తెల్లది వస్తే మంచిది. మా నాయన దుకాణం ఎక్కడ పెట్టాలో, నన్ను ఎవరికివ్వాలో అన్నీ అట్లనే అడిగినాడు.

పొద్దున నందివర్ధనం, మందారం కోసుకొచ్చి అడిగాను. మందారం వచ్చింది. ఆకు సరిగా మడవలేదేమో, వాసన తెలిసిపోయిందేమో. ముఖం కడుక్కుని మళ్ళీ అడిగాను. మందారమే. మూడోసారి నందివర్ధనం వచ్చింది. అమ్మయ్య అనుకుని లేచాను. కాఫీ కలుపుతుంటే మాత్రం, దేవుడు చివరిది లెక్కలోకి తీసుకుంటాడా, ఎక్కువసార్లు వచ్చినదా అని అనుమానం పట్టుకుంది.

అందుకే ఇంకొకటి అనుకున్నాను. ఆ ఆటలో మూడో ముగింపు నాకు కనపడితే నాకేం లేనట్టు. పూలయితే చేతికి తగులుతాయి, ఆటలో మోసం ఉండదు. రమ్యను అడగకూడదు. నాకు నేనే కనుక్కోవాలి.

మే 13

రెండో ముగింపు. ఆమె, ఆ పిల్ల కుంపటి పక్కన కూర్చుని ఉంటారు. తలుపు దానంతటదే మూసుకుంటుంది. ఆ పిల్ల ఏదో పాట కూనిరాగం తీస్తుంటుంది. మంచి పిల్ల. ఆమె వెనకబడితే ఆగి చూస్తుంది.

మే 14, బుధవారం

రంగమ్మకు ఫోనొచ్చింది.

అంట్లు సగంలో వదిలి, తడిచేతుల్తోనే వంటింట్లోకి వచ్చింది. "అమ్మా, మార్కాపురం నుంచి చేసినారు. రంగమ్మేనా అన్యారు. అవునంటి. నీ రిపోర్టు వచ్చింది, డాక్టరమ్మ మాట్లాడాలంట, ఇంట్లోవాళ్ళను ఎవర్నన్నా ఎంటబెట్టుకోని రా అన్యారు. రక్తానికి ఇంట్లోవాళ్ళు ఎందుకమ్మా?"

గట్టు పట్టుకున్నాను.

"ఏం లేదులే రంగమ్మా. అందరికీ అట్లనే చెప్తారు."

"మా ఏబేలును పిలిపియ్యనా?"

ఏబేలు ఆమె కొడుకు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని, ఆదివారం ఇంటికి వస్తాడు. వాడు నేరుగా వెళ్ళి అడిగితే రిపోర్టు వాడి చేతికిస్తారు. "వద్దొద్దు, వాణ్ణెందుకు కంగారు పెట్టేది? నేనే తీసుకుపోతా" అన్నాను. "నువ్వుంటే నాకేం భయం తల్లీ" అని అంట్ల దగ్గరకు పోయింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది నా పని.

మే 15

వెళ్ళలేదు. గురువారం మంచి రోజే గానీ ఈయన ఊళ్ళో లేడు, దుకాణం చూడాలి.

మే 16

వెళ్ళలేదు. శుక్రవారం ఇంట్లోంచి కదలకూడదు.

రంగమ్మ ఇంటి నుంచి ఒక గలాసు తెచ్చుకుంది. "నాకేం రోగమో ఏమో, మీ గలాసు ఎంగిలి జేయనమ్మా" అనింది. నీ గలాసు ఎట్లాగూ వేరేగానే ఉంది కదా రంగమ్మా అన్నాను. అవును గదా అని నవ్వింది. నేనూ నవ్వాను.

మే 17

ఒకటి ఆలోచించాను. రంగమ్మకు నిజంగానే కళ్ళు తిరుగుతున్నాయి. మనిషి సగమైంది. వాళ్ళు పిలిచింది రక్తపరీక్ష గురించే ఎందుకు కాకూడదు? రెండు పరీక్షల్లో దేనికి పిలిచారో వాళ్ళు చెప్పలేదు. సగానికి సగం అవకాశం ఉంది. ఇది నేను కోరుకోవడం కాదు, లెక్క చెబుతున్నాను.

మే 19, సోమవారం

ఆదివారం ప్రార్థనలో రంగమ్మ పేరు చెప్పి అందరి చేతా ప్రార్థన చేయించారట. పనిలోకి రావడం ఆలస్యమైతే కోడలు ఫెబీ వచ్చి చెప్పింది. ఫెబీ చంకలో ఏడు నెలల పిల్లోడు. రంగమ్మకు ప్రాణం వాడంటే. పని అయిపోతే చాలు, "మా దొర లేచుంటాడు" అని ఉరికేది.

ఫెబీ గొంతు తగ్గించి అడిగింది. "మా అత్తకు ఏమైందక్కా? ఐదు దినాలైంది, పిల్లోణ్ణి ఎత్తుకోదు. చెయ్యి చాపి వాడు ఏడుస్తాంటే గోడ పక్కకి తిరుక్కోని పడుకుంటాది. నా రోగం వాడికి అంటుకుంటే ఎట్ల అంటాది."

నాకేం తెలుసు అన్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గట్టిగా అనేశాను, ఆ పిల్ల జడుసుకుంది. పిల్లోడికి బిస్కెట్టు పాకెట్టు ఇచ్చి పంపాను.

భయంగా ఉంది. అన్నం వాసనకే భయంగా ఉంది. రమ్య నవ్వితే భయంగా ఉంది. అమ్మ ఆఖరి నెలల్లో ఆమె గదిలోంచి వచ్చే వాసన గుర్తొస్తుంది. ఎవరన్నా వచ్చి నా చేతుల్లోంచి దీన్ని తీసుకుంటే బాగుండు అనిపిస్తోంది, అంతకంటే ఏం ఆలోచించలేకపోతున్నాను.

మే 20

మంగళవారం. వెళ్ళలేదు.

ఆటలో ఒక సంగతి కనిపెట్టాను. ఆ గుండిగ చప్పుడు మనుషుల వెంట రాదు, లాంతరు వెంట వస్తుంది. లాంతరు కింద పెట్టి దూరంగా నిలబడితే అక్కడికే పోయి ఆగింది. కానీ చీకట్లో తలుపు కనపడదు, మళ్ళీ తీసుకోక తప్పదు. ఎన్నిసార్లు ఆడినా మంచు, లేకపోతే కుంపటి.

మే 22, గురువారం

రంగమ్మ సాయంత్రం దుకాణానికి వచ్చింది. ఎప్పుడూ గడప ఎక్కని మనిషి. చిన్న స్టీలు గలాసు ఒకటి ఎంచుకుంది. మనవడికట. దాని మీద పేరు కొట్టి ఇయ్యమంది. మా దుకాణంలో పేర్లు కొట్టేది నేనే, ఆ మిషను ఈయనకు చేతకాదు. పెళ్ళిళ్ళ సీజనులో రోజుకు రెండు వందల పేర్లు కొడతాను.

"వాడి పేరేంది?" అన్నాను.

"వాడిది గాదు, నాది కొట్టు. 'రంగమ్మ నాయనమ్మ' అని. వాడికి జ్ఞానం వచ్చేసరికి నేనుంటానో లేదో. నీళ్ళు తాగినప్పుడన్నా చూస్తాడు."

మిషను పట్టుకున్నాను. సున్న వంకరపోయింది. ఇన్నేళ్ళలో నా చేతిలో ఒక్క అక్షరం వంకరపోలేదు. స్టీలు మీద పడిన గీత చెరపడానికి ఉండదు. వేరే గలాసు మీద కొడతానంటే, "ఏం గాదులే, పేరు తెలుస్తాంది గదా" అని ఆ వంకర గలాసే తీసుకుని కొంగున తుడుచుకుంటూ పోయింది. అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. బిందెల బేరం వచ్చింది.

మే 23

కనపడింది. మూడో ముగింపు కనపడింది!

ఎనిమిది గదులు దాటాక తొమ్మిదో గది ముందు ఆ పిల్ల ఆగుతుంది. ఇంతకు ముందు ఎప్పుడూ పట్టించుకోకుండా పోయేదాన్ని. ఈరోజు ఆగాను. తెర మీద ఆ పిల్ల మాట ఇంగ్లీషులో వచ్చింది. నీ చెయ్యి నొప్పి పుడుతోంది కదా, కాసేపు నేను పట్టుకుంటాను, లోపల ఏముందో నాకు తెలియదు, నాకు భయం లేదు అని. కింద రెండు గుర్తులు, ఇవ్వు, ఇవ్వకు. లాంతరు వెంట ఏది వస్తుందో నాకు తెలుసు, ఆ పిల్లకు తెలియదు. ఇవ్వు అన్నది నొక్కాను.

పిల్ల లాంతరు పట్టుకుని గదిలోకి పోయింది. చప్పుడు నన్ను దాటుకుని దాని వెనకే పోయింది. "అక్కా, ఇంక తీసుకో" అని మూడుసార్లు వచ్చింది తెర మీద. నేను ఏదీ నొక్కలేదు. తలుపు తెరుచుకుంది. మంచు లేదు. ఎండ, రోడ్డు, గడ్డి మీద తడి. ఆమె ఒక్కతే నడిచి వెళ్ళింది. ఎంత బాగుందో.

నాకేం లేదు. నాకేం లేదు.

మే 23, మళ్ళీ

ఇంకోసారి చూద్దామని కొత్తగా మొదలుపెట్టాను. మొదటి గదిలో ఆ పిల్ల లేదు. ఆపి మళ్ళీ తెరిచాను, లేదు. మొదటి బొమ్మలో ఇద్దరూ ఉండేవాళ్ళు, ఇప్పుడు ఆమె ఒక్కతే ఉంది. ఆ కూనిరాగం కూడా లేదు.

మే 24, శనివారం

రమ్య చూసింది.

"ఎవురు ఆడినారమ్మా? మీనా ఏది?" అని అరిచింది. ఆ పిల్ల పేరు మీనా అని వీళ్ళే పెట్టుకున్నారట. నేనే అన్నాను. తిడుతుందనుకున్నాను. కూర్చుని ఏడ్చింది, పద్దెనిమిదేళ్ళది.

"మళ్ళీ మొదటి నుంచి ఆడొచ్చు కదే" అన్నాను.

"రాదమ్మా. ఆ ఎండింగ్ ఒకసారి చేస్తే ఆ పిల్ల మళ్ళీ రాదు. అందుకే నేను చేయలా. అందరూ చెప్పే అర్థాలు వట్టివి. ఆట మనల్ని ఒకటే అడుగుతుంది, బయటపడేదానికి నువ్వు ఏం చేస్తావు అని. నువ్వు ఎందుకు ఇచ్చినావమ్మా, దానికి ఏం తెలియదని తెలిసి గూడా?"

"భయమేసిందే" అన్నాను. బొమ్మలాటకు అంత భయమేందమ్మా అని నా ముఖం చూసి ఆగిపోయింది. ఏమైందమ్మా అంది. ఏం లేదు, ఎండకు తల తిరుగుతోంది అన్నాను. తల తిరగడం కూడా రంగమ్మదే.

మే 26, సోమవారం

మధ్యాహ్నం నుంచి అమావాస్య. ఈరోజు ఎక్కడికీ కదలకూడదు అని రాసి కొట్టేశాను. రంగమ్మను తీసుకుని పొద్దున రైలెక్కాను.

పెట్టెలో జనం లేరు. కంభం దాటేదాకా రంగమ్మ కళ్ళు మూసుకుని పెదాలతో ప్రార్థన చేసుకుంటూనే ఉంది. కంభం దాటాక చెప్పాను. కౌంటర్లో రజినిని చూసి భయపడి నీ పేరు చెప్పానని, సూది పరీక్ష నాదని, వాళ్ళు పిలిచింది దాని గురించేనని. ఒక్క గుక్కలో చెప్పాను, ఆగితే మళ్ళీ చెప్పలేను.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అయితే నాకు లేదా?"

"లేదు."

"పిల్లోణ్ణి ఎత్తుకోవచ్చునా?"

"ఎత్తుకోవచ్చు రంగమ్మా."

రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. దేవునికి స్తోత్రం, దేవునికి స్తోత్రం అనుకుంది. తర్వాత తలెత్తి నన్ను చూసింది. ఆ చూపు చూసి రైల్లోంచి దూకేద్దామనిపించింది.

"పన్నెండు దినాలు. నీకు తెలుసు."

"తెలుసు."

"గలాసు మీద పేరు కొట్టేటప్పుడు గూడా?"

"తెలుసు."

లేచి వెళ్ళి అవతలి కిటికీ పక్కన కూర్చుంది. తర్లుపాడులో రైలు ఆగితే సంచి తీసుకుంది. ఎక్కడికి రంగమ్మా అంటే, ఎదురు రైలుకు ఇంటికి పోతా అంది. మెట్టు దిగబోతూ ఆగింది.

"అడిగింటే ఇచ్చేదాన్ని గదమ్మా, నా పేరు. అదేమన్నా అరిగిపోతాదా? నువ్వు అడగలా."

దిగిపోయింది. మార్కాపురం రోడ్డు దాకా నేను ఒక్కదాన్నే.

కౌంటర్లో రజిని "రంగమ్మ" అని రెండుసార్లు పిలిచింది. ఆ పిలుపుకు లేవబుద్ధి కాలేదు. దగ్గరికి వెళ్ళి, ఆ పరీక్ష నాది, పేరు మార్చి రాయి అన్నాను. కలం పట్టుకుని అట్లనే చూస్తుండిపోయింది. "మీకా వదినా?" అంది. నాకే. డాక్టరమ్మ మాట ఎక్కువ తిప్పలేదు. ఆ జబ్బే. ఎంత ముదిరిందో గుంటూరులో చూడాలంది. ఈ వారంలోనే పోవాలంది. ఇన్నాళ్ళు ఎందుకు ఆగారని తిట్టింది. మీ కూతురు కూడా ఇప్పట్నుంచే చూపించుకుంటుండాలి అంది.

రంగమ్మ రక్తం కాగితం వేరేగా ఇచ్చారు. రక్తం తక్కువుంది, ఐరన్ మాత్రలు మూడు నెలలు వాడాలి. మాత్రలు కొనుక్కుని, గిద్దలూరులో దిగి నేరుగా వాళ్ళ పేటకు వెళ్ళాను. ఇన్నేళ్ళలో వాళ్ళ ఇల్లు చూడటం ఇదే మొదలు. రంగమ్మ గడపలో నిలబడి ఉంది, చంకలో పిల్లోడు. వాడు ఆమె ముక్కు పట్టుకుని గుంజుతున్నాడు. కాగితం, మాత్రలు ఇచ్చాను. తీసుకుంది. లోపలికి రమ్మనలేదు.

"నీది?" అంది.

"అదే."

ఏమన్నా అంటుందని నిలబడ్డాను. పిల్లోణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "రేపట్నుంచి నేను పనిలోకి రాను" అంది. సరే అన్నాను. "గుంటూరుకు తోడెవరు వస్తారు?" అంది. ఈయనకు ఇంకా చెప్పలేదన్నాను.

"చెప్పుపో. నేను మాత్రం రాను."

భయం ఏం తగ్గలేదు. అట్లనే బజారుకు నడిచాను. దుకాణంలో ఈయన ఎవరికో ఇడ్లీ పాత్ర చూపిస్తున్నాడు, ఇంకో ఇద్దరు బేరగాళ్ళు కూర్చుని ఉన్నారు, అందరూ తెలిసినవాళ్ళే. వాళ్ళు పోయేదాకా ఆగితే నేను మళ్ళీ ఆగిపోతాను. వాళ్ళ ముందే చెప్పాను. నాకు క్యాన్సర్ అంట, పరీక్ష రంగమ్మ పేరు మీద చేయించుకుని, పన్నెండు రోజులు ఆ రోగం తనదే అని ఆమె ఏడుస్తుంటే చూస్తూ ఊరుకున్నాను అని. రెండో మాటే గట్టిగా చెప్పాను. మొదటిది ఊరికి ఎట్లాగూ తెలుస్తుంది, రెండోది నేను చెప్పకపోతే బజారుకు ఎప్పటికీ తెలియదు.